పన్నెండు గాట్ల పిడి

గోదావరిఖనిలో మోటార్లు బాగుచేసేవాళ్లకు కొదవ లేదు. కాలిపోయిన మోటారును నడిపించినవాళ్లు ఉన్నారు, నడుస్తున్న మోటారును కాల్చినవాళ్లూ ఉన్నారు. కానీ చక్కగా కుదిరిన వస్తువుకు ఎవరూ అడగని పిడి ఒకటి బిగించి, ఆ పిడికి మనసులో విడిగా ధర కట్టి అమ్మి, ఆ పిడితోనే ఒక రైస్ మిల్లును నిలిపేసిన ఘనత ఈ కోల్‌బెల్టులో నా ఒక్కడిదే. ఈ విషయంలో నాకు పోటీ వచ్చినవాడు ఇంతవరకు లేడు.

నేను పెరిగింది దుకాణాల మధ్య. నాన్నది హార్డ్‌వేర్ దుకాణం, చిన్నాన్నది బట్టల దుకాణం, మేనత్తది గాజుల దుకాణం. ఒకదాని గోడకు ఇంకొకటి ఆనుకుని ఉండేవి. మా ఇంట్లో పిల్లలకు ఎక్కాల కంటే ముందు వచ్చేది ముఖం చదవడం. కొనడానికి వచ్చిన మనిషి వస్తువును చూస్తున్నాడా, పక్క దుకాణం వైపు చూస్తున్నాడా అన్నదాన్ని బట్టి ధర మారేది. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, నాన్న దుకాణం వెనక రేకుల షెడ్డులో మోటార్ల వర్క్‌షాపు పెట్టుకున్నాక కూడా ఆ బుద్ధి పోలేదు. మోటారును విప్పేలోపే దాని యజమానిని విప్పి చూసేవాణ్ని.

యాసంగి కోతలు అయిపోతున్న రోజుల్లో కమాన్‌పూర్ దగ్గరి ఒక మిల్లు నుంచి పిలుపు వచ్చింది. మిల్లు నడిపేది ఒక అక్క. ఆమె సంగతంతా నాకు చెప్పింది అక్కడి ఆపరేటర్, అందరూ ‘కాక’ అని పిలిచే పెద్దాయన. కాక బొగ్గు బాయిలో, అంటే గనిలో, పంపు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. అక్క భర్తదీ బాయి పనే, ఊపిరితిత్తులు చెడి మధ్యలోనే డ్యూటీ నుంచి దిగిపోయాడు. వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఆమె ఈ పాత మిల్లును లీజుకు తీసుకుంది. మిగిలింది పెట్టి రైతుల దగ్గర వడ్లు కొని మిల్లు ఆవరణలో కుప్ప పోసింది. వానలు దిగేలోపు ఆ వడ్లు బియ్యమై లారీ ఎక్కితే లీజు డబ్బు కట్టగలదు. ఎక్కకపోతే ఓనరు మిల్లును ఇంకొకరికి ఇచ్చేస్తాడు, ఇంట్లో మిగిలేది మందుల సంచి.

“గందుకే ఆమె మొకం మబ్బు దిక్కే ఉంటది, చూస్తలేవా?” అన్నాడు కాక.

చూశాను. ధర కట్టేటప్పుడు అది కూడా కలుపుకున్నాను.

మోటారు పాతకాలపు స్లిప్ రింగ్ మోటారు. లోపల తిరిగే భాగం రోటరు, దాని ఇరుసు మీద మూడు లోహపు కడియాలుంటాయి. వాటికి ఆనుకుని బొటనవేలంత కార్బన్ ముక్కలు కరెంటు మోస్తాయి. వాటినే బ్రష్‌లంటారు. బ్రష్‌ను నిలువుగా పట్టుకునే చిన్న పెట్టె హోల్డరు, పైనుంచి అదిమేది స్ప్రింగు. కింద బొగ్గు, పక్కన బొగ్గు, ఆరేసిన బట్టల మీద బొగ్గు ఉండే మా దగ్గర ఈ బొటనవేలంత బొగ్గు కోసం మాత్రం హైదరాబాద్ పరుగెత్తాలి.

రోగం వెంటనే దొరికింది. గీతలు పడ్డాయని అంతకుముందెవరో కడియాలను లేత్ మీద చెక్కించారు. చెక్కితే నునుపవుతాయి, సన్నబడతాయి కూడా. హోల్డర్లు మాత్రం పాత చోటనే ఉండిపోయాయి. రెండింటి మధ్య అగ్గిపుల్ల పట్టాల్సిన సందులో నా వేలు పట్టింది. పెట్టెలోంచి అంత పొడుగు బయటికి వచ్చిన కార్బన్, కడియం తిరుగుతుంటే ఒరిగి, వణికి, నిప్పులు రాలుస్తోంది.

“కొత్త హోల్డర్లు కొనుక్కరావా మరి?” అంది అక్క.

“గీ సైజువి తయారుగ దొరకయక్కా. ఆర్డరిస్తే చేసి పంపుతరు. దినాలు పడ్తయ్.”

“మరి నువ్వెందుకొచ్చినవ్? మోటరుకు దండం పెట్టిపోనీకా?”

“నేనే చేసిస్త. ముంగటికి ఎనుకకు జరిగేటట్టు చేస్త. రేపు కడియాలు ఇంకోసారి చెక్కిపిచ్చినా గివే పనికొస్తయ్.”

“ఎంత?”

“ఒక్కోటి రెండు వేలు.”

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. గేటు దగ్గరున్న హమాలీని పిలిచి, “గీ తమ్మునికి చాయ్ తాపి ఆటో ఎక్కియ్యి” అంది.

మా మేనత్త తర్వాత ఇంత శుభ్రంగా బేరమాడిన మనిషిని నేను చూడలేదు. అయినా కదల్లేదు. చాయ్ వేడిగా ఉందని ఊదుకుంటూ కూర్చున్నాను. చేతిలో గ్లాసు ఉన్నంతసేపు బేరం బతికే ఉంటుంది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి పదిహేను వందలకు వచ్చాం. మొత్తం ఆరు హోల్డర్లు, అడ్వాన్సు ఐదు వేలు.

ఇక తయారీ. ఇత్తడి పలకను వంచి పెట్టె చేశాను. పెట్టెను మోసే ఇనుప చేతికి పొడుగాటి గాడి కోశాను, గాడిలో బోల్టు. బోల్టు వదులు చేసి, పెట్టెను కడియం వైపు జరిపి, మళ్లీ బిగించుకోవాలి. కాగితం మీద అంతే. కానీ మొదటిది చేసి నా షెడ్డులో ఉన్న ఒక పాత మోటారు మీద బిగించి తిప్పి చూస్తే, అదురుకు పెట్టె మెల్లగా వెనక్కి జారిపోతోంది. ఎంత బిగించినా జారడమే. రెండు రోజులు నట్ల మీద నట్లు వేసి, చివరికి ఆ ఇనుప చేతి మీదా, పెట్టె వెనకా సన్నటి పళ్లు ఆకురాయితో కోశాను. పళ్లలో పళ్లు కూర్చున్నాక జారడం ఆగింది.

తర్వాత స్ప్రింగు. బలం తక్కువైతే బ్రష్ ఎగిరి నిప్పులొస్తాయి, ఎక్కువైతే కడియాన్ని అరగదీస్తుంది. దానికి నాన్న దుకాణంలో మేకులు తూచే స్ప్రింగ్ కాటానే తెచ్చుకున్నాను. బ్రష్ కింద కాగితం ముక్క పెట్టి, కాటా కొక్కేన్ని స్ప్రింగుకు తగిలించి మెల్లగా పైకి లాగుతాను. కాగితం ఎక్కడ వదులై చేతికి వస్తుందో అక్కడ ముల్లు చూపించేదే బరువు. నాన్న కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఇదంతా చూశాడు.

“నువ్వు తూస్తున్నవ్, మంచిగనే ఉంది. కొన్నోడు తూస్తడా?”

“ఆళ్లకెందుకు నానా? నేను పెట్టిచ్చినంక ముట్టుకునేదే లేదు.”

ఆ మాట మీద నిలబడి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. హోల్డరు కుదిరింది. ఉన్న చోట ఉంటోంది, అదమాల్సినంతే అదుముతోంది. చిక్కల్లా ఏమిటంటే, బల్ల మీద పెట్టి దుకాణదారుడి కళ్లతో చూస్తే అది నాలుగు వందల వస్తువులా కనిపిస్తోంది. నా ఆలోచనా, రెండు రోజుల తిప్పలూ దాని ముఖాన ఎక్కడా రాసి లేవు. అక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి “గింతేనా?” అంటుందని నాకు ముందే వినిపించింది. వస్తువుకు ధర ఉంటే సరిపోదు, ధర ఉన్నట్టు కనిపించాలి. వీలైతే వినిపించాలి కూడా.

అందుకని పిడి పెట్టాను. స్ప్రింగు వెనక పన్నెండు గాట్ల చక్రం, దానికొక కొక్కెం, తిప్పడానికి నల్లటి ఫైబర్ పిడి. ఒక్కో గాటుకు టక్కున శబ్దం. ఫైబరుకు కరెంటు పారదు కాబట్టి మోటారు నడుస్తుండగానే తిప్పుకోవచ్చు. కాటా లెక్క ప్రకారం నాలుగో గాటు దగ్గర పెట్టి ఇచ్చాను. పదిహేను వందల్లో ఆ పిడి వాటా మూడు వందల యాభై అని మనసులో కట్టుకున్నాను. అమ్మకానికి ముద్దొచ్చే వస్తువు తయారైంది.

బిగించి మోటారు ఎక్కించాం. కిటికీలాంటి సందులోంచి చూస్తే లోపల ఒక్క నిప్పురవ్వ లేదు. అక్క కూడా వంగి చూసింది, మొదటిసారి మబ్బును వదిలేసి. నేను వీడియో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాను. ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. పిడిని టక్ టక్ మని రెండు గాట్లు ముందుకు, రెండు గాట్లు వెనక్కి తిప్పి చూపించాను.

“ఇది అడ్జస్టబుల్ కాకా. స్పానర్ ఒద్దు, మోటరు బంద్ చేసుడొద్దు. నిప్పులొస్తే జర అడ్జస్ట్ చేస్కుంటే చాలు.”

“అడ్జస్టా!” అన్నాడు కాక, పిడిని మనవడి బుగ్గలా పట్టుకుని. “మన చేతులనే ఉన్నదన్నట్టు.”

“మీ చేతులనే.”

మా దగ్గర ఆ మాటకున్న అర్థం నాకు తెలియనిది కాదు. షేర్ ఆటోలో ఏడుగురున్న చోట ఎనిమిదోవాడు ఎక్కి “జర అడ్జస్ట్ కాండ్రి” అంటాడు. అంటే ఇంకొంచెం నొక్కుకోండి అని. అడ్జస్ట్ అన్న మాట విని వదులిచ్చినవాణ్ని గోదావరిఖని నుంచి సెంటినరీ కాలనీ దాకా ఎక్కడా చూడలేదు. ఆ మాటను నేనే వాళ్ల చేతికి ఇచ్చి, బండెక్కి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

వారం తిరక్కుండానే, పొద్దున పది దాటాక అక్క ఫోన్.

“తమ్మీ, మోటరు వాసనొస్తున్నది.”

“ఎసొంటి వాసనక్కా?”

“కాలే వాసన. మంచి వాసనైతే నీకెందుకు జేస్త ఫోను?”

నేను వెళ్లేసరికి మోటారు ఆపేసి ఉంది. ఓపెన్‌కాస్ట్ గని వైపు ఆకాశం దుమ్ము రంగులోంచి నీలపు రంగులోకి దిగుతోంది. బ్లాస్టింగ్ చప్పుడా, ఉరుమా అని హమాలీలు వాదించుకుంటున్నారు. సందులోంచి టార్చి వేసి చూశాను. కడియాలు నల్లగా కమిలి, వాటి మీద గోరు పట్టేంత గాడులు. కార్బన్‌లు అరిగి చింతగింజలంత మిగిలాయి. లోపలంతా నల్లటి పొడి. పిడులు చూశాను. ఆరుకు ఆరూ పన్నెండో గాటు మీద ఉన్నాయి.

“ఎవరు తిప్పిండ్రు?”

“ఎవలేంది?” అన్నాడు కాక, అవమానపడ్డట్టు. “డ్యూటీల ఉన్నోళ్లమే తిప్పినం.”

ఆ మిల్లులో ఆపరేటర్లు ముగ్గురూ బాయిలో రిటైరైనవాళ్లే. ఎవరూ చెప్పకుండానే మిల్లును కూడా మూడు షిఫ్టులుగా పంచుకున్నారు. షిఫ్టు మారేటప్పుడు ఒకరు చార్జి ఇవ్వాలి, ఒకరు తీసుకోవాలి. చార్జి తీసుకున్నవాడు ఊరికే కూర్చోకూడదు.

“బాయిల పంపు చార్జి తీస్కుంటే ముందుగాల నీళ్లు కారే గ్లాండు చూస్తుంటిమి, జర బిగిస్తుంటిమి. ఈడ నీ పిడున్నది. గదే అడ్జస్ట్ చేసినం. షిఫ్టుకు ఒక్కటే గాటు. ఎక్కువ తిప్పితే ఒట్టు.”

“నిప్పులొచ్చినయా?”

“రాలే.”

“రాకపోతే ఎందుకు తిప్పిండ్రు కాకా?”

“రావద్దనే గదా తిప్పింది!”

“ఒక్కసారన్న ఎనుకకు తిప్పకపోతిరి?”

కాక నన్ను జాలిగా చూశాడు. “ముందటి షిఫ్టోడు చేసిన పనిని ఖరాబు చేస్తరా ఎవలన్న?”

అక్క మా ఇద్దరి మధ్యకొచ్చి నిలబడింది.

“పంచాదులు తర్వాత. మోటరు ఎప్పుడు తిరుగుతది?”

“రోటర్ బయటికి గుంజి, రామగుండంల లేత్ మీద పెట్టి…”

“ఎప్పుడు?”

“మూడు దినాలు.”

“మూడు దినాలా? పో, గా మబ్బుకు చెప్పిరా. మూడు దినాలు ఆగమను. నీ మాట ఇంటదేమో.”

ఆవరణలో వడ్ల కుప్ప ఇంకా సగం పైన ఉంది. నేను ఆ రోజు ఏ ముఖమూ చదవలేదు. చదివితే నాది కూడా చదవాల్సి వచ్చేది. మిగిలిన దారి ఒక్కటే. రోటరును ఉన్నచోటనే తిప్పుతూ, కడియాలను సానరాయితో రుద్ది గాడులు పోగొట్టడం. తిప్పడానికి కరెంటు పనికిరాదు, మనుషులు కావాలి. బెల్టును మిల్లు వైపు నుంచి జారవేసి, దాన్ని పట్టుకుని చేతుల మీద లాగుతూ ఉండాలి.

“నలుగురు హమాలీలు కావాలక్కా.”

“ఉన్నదే ఆరుగురు. నలుగురిని నీకిస్తే పరదలు ఎవలు పట్టాలె?”

గాలి లేచింది. కుప్ప మీది టార్పాలిన్ ఒక మూల ఎగిరి పడింది. అక్క కుప్పను చూసింది, మోటారును చూసింది, మళ్లీ కుప్పను చూసింది.

“తీస్కపో. మోటరు తిరగకుంటే తడిసినా ఒక్కటే, ఎండినా ఒక్కటే.” తాను కొంగు నడుముకు దోపుకుని, కాకను, మిగిలిన ఇద్దరు హమాలీలనూ వెంటబెట్టుకుని కుప్ప వైపు పరుగెత్తింది.

మెయిన్ ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాను. హమాలీలు బెల్టు లాగడం మొదలుపెట్టారు. రోటరు బద్ధకంగా తిరిగింది. నేను నేల మీద పడుకుని సందులోంచి చేతులు పెట్టి రాయిని కడియానికి ఆనించాను. ఒకచోట ఎక్కువ రుద్దితే కడియం గుండ్రం పోతుంది, అప్పుడు ఏ హోల్డరూ కాపాడలేదు. రుద్దడం, వేలితో తడమడం, మళ్లీ రుద్దడం. “లాగుండ్రి, ఆగకుండ్రి” అని నేను అరుస్తున్నాను. “నువ్వొచ్చి లాగు పటేలా, మేం పండుకుంటం” అని వాళ్లు అరుస్తున్నారు.

రేకుల మీద మొదటి చినుకులు పడ్డాయి. తర్వాత చినుకులు కావు. ఆ చప్పుడులోనే బయట టార్పాలిన్ తెరచాపలా కొట్టుకుంటున్న శబ్దం, అక్క కేకలు వినిపించాయి. “ఆ కొస! ఆ కొస పట్టు కాకా!” పడమటి కొస పట్టడానికి అక్కడ మనిషి లేడు. ఆ మనుషులు నా బెల్టు లాగుతున్నారు. మూడో కడియం సగంలో ఉంది. చేతిలోని రాయిని నేను వదల్లేదు.

వాన వెలిసేసరికి కడియాలు వేలికి నునుపుగా తగిలాయి. తడిసి ముద్దయిన కాకను వైస్ దగ్గర నిలబెట్టి, హాక్సా బ్లేడు ఇచ్చి పిడులు కోయమన్నాను.

“మొన్ననే పెడ్తివి, ఇయ్యాల కోయమంటున్నవ్. నీ డిప్లొమల గిదే చెప్పిండ్రా?”

“కొయ్యి కాకా.”

ఒక్కో స్ప్రింగును నాలుగో గాటు మీదికి తెచ్చి, చక్రానికి రంధ్రం వేసి పిన్ను కొట్టాను. ఇక ఎవరూ, నేను కూడా, తిప్పలేని విధంగా. మొదటిసారే హైదరాబాద్ నుంచి ఎక్కువగా తెచ్చి సంచిలో ఉంచుకున్న కొత్త కార్బన్‌లకు కడియం వంపు వచ్చేదాకా ఎమరీ కాగితం మీద రుద్ది కూర్చోబెట్టాను. బెల్టు ఎక్కించి, ఫ్యూజులు పెట్టి అక్కకు చేయెత్తాను. ఆమె స్టార్టరు హ్యాండిల్ తిప్పింది.

మోటారు మూలిగి, వేగం అందుకుంది. సందులో రెండు రవ్వలు ఎగిరాయి, ఇంకొకటి. అప్పుడే నా భుజం పక్క నుంచి ఒక చేయి లోపలికి వెళ్తోంది. కాకది. రవ్వ కనిపించింది కాబట్టి అడ్జస్ట్ చేయడానికి వెళ్తోంది. పిడి ఉండాల్సిన చోట ఇప్పుడు ఉన్నది కరెంటు పారుతున్న ఇత్తడి.

మణికట్టు పట్టుకుని వెనక్కి గుంజాను. ఇద్దరం వెల్లకిలా బురదలో పడ్డాం. కాక కొంతసేపు తన వేళ్లను చూసుకున్నాడు. నేను లేచి సందుకు రేకు మూత పెట్టి స్క్రూలు బిగించాను.

ఆ మోటారు ఆ తర్వాత ఆగలేదు. కుప్ప కరిగింది, బియ్యం లారీ ఎక్కింది, లీజు డబ్బు చేరింది, మిల్లు అక్క దగ్గరే ఉంది. పడమటి కొసన తడిసిన వడ్లు మాత్రం ఆరబెట్టినా రంగు మారి, మొలకలొచ్చి, పశువుల దాణాకు పోయాయి.

నేను ఎప్పుడు బిల్లు రాసినా బేరానికి కాస్త చోటు వదిలి రాస్తాను. ఈసారి వదల్లేదు. హోల్డరు ఒక్కోటి, పిడి ఖరీదు తీసేసి, పదకొండు వందల యాభై చొప్పున ఆరుకు ఆరు వేల తొమ్మిది వందలు. మొదటి కార్బన్‌లు ఒక్కోటి మూడు వందలు, పద్దెనిమిది వందలు. బిగింపు కూలి పదిహేను వందలు. మొత్తం పది వేల రెండు వందలు. అడ్వాన్సు ఐదు వేలు పోను నాకు రావాల్సింది ఐదు వేల రెండు వందలు. నా వైపు నుంచి పోవాల్సింది, బెల్టు లాగిన హమాలీల కూలి పదహారు వందలు, తడిసిన వడ్లు పద్నాలుగు బస్తాలు, బస్తాకు నాలుగు వందల యాభై నష్టం, ఆరు వేల మూడు వందలు. వెరసి ఏడు వేల తొమ్మిది వందలు. రెండో విడత కార్బన్‌లు రాయలేదు, నా కూలీ రాయలేదు, కాక వేళ్లకు ధర కట్టడం నాకు రాదు. అంటే నేనే అక్కకు రెండు వేల ఏడు వందలు ఇవ్వాలి.

అక్క కాగితాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది.

“మూడు వేలు చెయ్యి తమ్మీ.”

“రెండున్నర అక్కా.”

“రెండు వేల తొమ్మిదొందలు.”

“రెండు వేల ఆరొందలు. ఇగ కాదు.”

చాయ్ వచ్చింది, తాగాం. రెండు వేల ఏడు వందల దగ్గర బేరం తెగింది. అక్కడే లెక్కపెట్టి ఇచ్చాను.